సరైన సైజు వీల్‌చెయిర్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెప్పులు ఒక సైజు అటూ ఇటూ అయితే వెంటనే వెనక్కిచ్చి మార్చుకుంటాం. రోజుకి పది గంటలు కూర్చోవాల్సిన వీల్‌చెయిర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "కుర్చీయే కదా, ఏదైతేనేం" అనేస్తాం. కింద ఉన్న ప్రశ్నల్లో చాలావరకు నేను కొలతలు తీస్తున్నప్పుడు ఇంట్లోవాళ్ళు అడిగినవే. కొన్ని మాత్రం ఎవరూ అడగరు, అడిగితే బాగుండునని నాకే అనిపించి చేర్చాను.

మామూలు సైజు అని అమ్మేది అందరికీ సరిపోదా?

పెద్దవాళ్ళకి మామూలు సైజు అని అమ్మే కుర్చీకి సీటు వెడల్పు 18 అంగుళాలు, లోతు 16 అంగుళాలు, నేల నుంచి సీటు ఎత్తు 19 నుంచి 20 అంగుళాలు ఉండడం పరిపాటి. కాస్త నిండుగా ఉన్న మనిషికి అది సరిపోవచ్చు. అదే సన్నగా, పొట్టిగా ఉండే ఓ పెద్దావిడ తుంటి అడ్డం 13 అంగుళాలనుకోండి, రెండు పక్కలా కలిపి 5 అంగుళాల ఖాళీ మిగిలిపోతుంది. పాదాలు నేలకి అందవు, మోచేతులు ఆర్మ్‌రెస్ట్ మీదికి చేరవు.

ఆస్పత్రి వరండాల్లో కనిపించేవి దాదాపు ఇవే. మనిషిని ఒక గది నుంచి ఇంకో గదికి పది నిమిషాల్లో చేర్చడానికి అవి చాలు. రోజంతా అందులోనే గడపాల్సిన వాళ్ళకి అదే ఇవ్వడమంటే రైలు స్టేషన్ బెంచీ తెచ్చి ఇంట్లో మంచంలా వాడుకోమన్నట్టు.

కొంచెం వదులుగా ఉంటే హాయిగా ఉంటుంది కదా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది పొరపడేదీ ఇక్కడే. సోఫా వదులుగా ఉంటే హాయి, ఎందుకంటే అందులో మనం అటు తిరిగి, ఇటు ఒరిగి, కాలు పైకి పెట్టుకుని కూర్చుంటాం. నడుము మీద, పొట్ట కండరాల మీద పట్టు తగ్గిన మనిషికి ఆ వెసులుబాటు ఉండదు. ఖాళీ ఎటు ఉంటే మొండెం అటు ఒరుగుతుంది. ఒరిగిన పక్క పిరుదు ఎముక మీద బరువంతా పడుతుంది, రెండో పక్క తుంటి పైకి లేస్తుంది. నెలల తరబడి అలా కూర్చుంటే వెన్ను పక్కకి వంకర తిరగొచ్చు. మొదట్లో చేత్తో సరిచేస్తే నిటారుగా వచ్చే మనిషి, తర్వాత తర్వాత సరిచేసినా రాని స్థితికి చేరతాడు.

ఒక పెద్దాయన కుర్చీ గుర్తొస్తోంది. ఆయన్ని చూడకముందే కుర్చీ చూశాను. కుడి ఆర్మ్‌రెస్ట్ మీది నల్ల రెగ్జిన్ అరిగి నున్నగా మెరుస్తోంది, మూల చిరిగి లోపలి స్పాంజీ బయటికొచ్చింది. ఎడమది షాపు నుంచి తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఎడమ పక్క ఖాళీలో మడతపెట్టిన దుప్పటి కుక్కారు. ఆయన కుడికి ఒరిగి కూర్చుంటారని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దుప్పటి పెట్టిన కొడుకుది తప్పేం లేదు. ఖాళీ ఉంది, నింపాడు. కానీ దుప్పటి మెత్తగా అణిగిపోతుంది, మనిషి మళ్ళీ ఒరుగుతాడు. సరిచేయాల్సింది కుర్చీని.

సొంతంగా తోసుకునేవాళ్ళకి ఇంకో నష్టం కూడా ఉంది. సీటు వెడల్పయ్యే కొద్దీ చక్రాలు దూరమవుతాయి. చేతులు పక్కలకి చాపి తోయాలి. ఆ భారం భుజం కీలు మోస్తుంది. వీల్‌చెయిర్ వాడేవాళ్ళలో భుజం నొప్పి చాలా మామూలు సమస్య, దాన్ని మనమే పిలిచి పీట వెయ్యడం దేనికి?

మరి ఇరుకైతే?

తుంటి పక్క ఎముకలు రెండూ ఆర్మ్‌రెస్ట్ రేకులకి ఒరుసుకుంటాయి. స్పర్శ తెలియని వాళ్ళకి అక్కడ పుండు పడే దాకా ఎవరికీ తెలియదు. మందపాటి బట్టలు వేసుకునే రోజుల్లో ఇంకా బిగుసుకుంటుంది.

కొలతలు ఇంట్లో తీసుకోవచ్చా? ఎలా?

తీసుకోవచ్చు. ఫిజియోథెరపిస్ట్ గానీ, రోజువారీ పనులు చేసుకోవడానికి తర్ఫీదిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ గానీ అందుబాటులో ఉంటే వాళ్ళ చేత తీయించడం మేలు. వెన్ను వంకర, కండరాల బిగువు, పాత పుండ్లు ఉన్నవాళ్ళకైతే అది తప్పనిసరి. మిగతావాళ్ళకి ఇంట్లో జాగ్రత్తగా తీసిన కొలత, అంచనా మీద కొన్న కుర్చీ కంటే ఎన్నో రెట్లు నయం.

మంచం మీద, సోఫా మీద కూర్చోబెట్టి కొలవకండి. పరుపు దిగబడుతుంది, కొలత మారిపోతుంది. గట్టి బల్లో, చెక్క కుర్చీయో చూసుకోండి. మనిషి పూర్తిగా వెనక్కి జరిగి, వీలైనంత నిటారుగా, మోకాళ్ళు లంబకోణంలో ఉండేలా కూర్చోవాలి. పాదాలు నేలని గానీ, కింద పెట్టిన పుస్తకాల దొంతరని గానీ పూర్తిగా ఆనాలి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకునే ఉండాలి, ఎందుకంటే ఫుట్‌రెస్ట్ మీద ఆనేది అవే. పట్టీ, బ్రేస్ లాంటివి వాడుతుంటే అవి కూడా తొడుక్కునే ఉండాలి. నిటారుగా కూర్చోలేకపోతే ఒకరు వెనక నిలబడి పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే రెండూ చెడతాయి.

టేపు విషయంలో చిన్న చిట్కా. టైలర్ టేపు ఒంటి చుట్టూ వంగిపోతుంది, చుట్టుకొలత చెబుతుంది. మనకి కావాల్సింది అడ్డం కొలత. అందుకని గట్టి అట్టలున్న రెండు లావు పుస్తకాలు తీసుకుని తుంటికి చెరో పక్కా నిటారుగా ఆనించండి. నొక్కకుండా, తాకీ తాకనట్టు. ఇప్పుడు ఆ రెండు పుస్తకాల మధ్య దూరం స్టీలు టేపుతో కొలవండి. తుంటి కంటే తొడలు వెడల్పుగా ఉంటే తొడల దగ్గరి కొలతే లెక్క. రెండుసార్లు తీయండి, తేడా వస్తే మూడోసారి తీయండి. కాళ్ళ కొలతలు కుడికి వేరుగా, ఎడమకి వేరుగా రాసుకోండి. రెండు కాళ్ళూ ఒకటే పొడవుంటాయని నమ్మకం లేదు.

సీటు వెడల్పు కచ్చితంగా ఎంత ఉండాలి?

పుస్తకాల మధ్య వచ్చిన కొలతకి మొత్తం మీద ఒక అంగుళం, అంటే 2.5 సెంటీమీటర్ల వరకు కలిపితే చాలు. రెండు పక్కలా అరచెయ్యి పలచగా దూరాలి, పిడికిలి దూరకూడదు. పాత పద్ధతిలో పక్కకి అంగుళం చొప్పున రెండంగుళాలు కలిపేవారు. ఎప్పుడూ మందపాటి కోట్లు తొడుక్కునే వాళ్ళకి అది ఇప్పటికీ పనికొస్తుంది. చురుగ్గా సొంతంగా తోసుకునేవాళ్ళు మాత్రం దాదాపు అంటుకున్నట్టుండే సీటునే ఇష్టపడతారు, కుర్చీ ఒంటితో పాటు కదులుతుందని.

సీటు లోతు అంటే ఏంటి? దాని గురించి ఎవరూ చెప్పరే?

నిజమే, అమ్మేవాళ్ళు వెడల్పు అడుగుతారు, బరువు అడుగుతారు, లోతు సంగతి ఎత్తరు. నన్నడిగితే లోతు తప్పితే జరిగే నష్టమే ఎక్కువ.

సీటు ముందంచు నుంచి వెనక బ్యాక్‌రెస్ట్ దాకా ఉన్న దూరమే లోతు. కొలవడానికి మనిషి పిరుదుల వెనక అంచు నుంచి మోకాలి వెనక గుంట దాకా టేపు పెట్టండి. అందులోంచి రెండు అంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు తీసేయండి. కూర్చున్నాక సీటు అంచుకీ మోకాలి వెనక గుంటకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి.

లోతు ఎక్కువైతే ఏమవుతుందో చూడండి. సీటు అంచు పిక్క వెనక గుచ్చుకుంటుంది. అక్కడ రక్తనాళాలు, నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి, తిమ్మిరెక్కుతుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి మనిషి తెలియకుండానే ముందుకి జరుగుతాడు. ముందుకి జరిగాక నడుముకీ బ్యాక్‌రెస్ట్‌కీ మధ్య ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలోకి నడుము కూలబడుతుంది, కటి, అంటే తుంటి ఎముకల గూడు, వెనక్కి తిరుగుతుంది, వీపు విల్లులా వంగుతుంది, గడ్డం ముందుకి పొడుచుకొస్తుంది. ఇప్పుడు కూర్చున్నది పిరుదుల మీద కాదు, తోకెముక మీద. అక్కడ కండ ఉండదు, చర్మం కింద ఎముకే. పైగా ఒళ్ళు ముందుకి జారుతూ ఉంటుంది కాబట్టి చర్మం ఒకవైపు, ఎముక ఒకవైపు లాగుతాయి. పుండు పడడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఇంకోటి ఉండదు. ఛాతీ ముడుచుకుపోయి ఊపిరి నిండుగా తీసుకోలేరు. మింగడం కూడా కష్టమవుతుంది.

ఇవన్నీ రెండు మూడు అంగుళాల దగ్గర మొదలవుతాయి. లోతు తక్కువైతే తొడల కింద ఆధారం తగ్గి, అదే బరువు పిరుదుల కింద చిన్న చోట పడుతుంది. అది కూడా మంచిది కాదు గానీ, ఎక్కువ లోతు చేసినంత చేటు చేయదు.

మా నాన్నగారు మాటిమాటికీ ముందుకి జారిపోతున్నారు. బెల్టు గట్టిగా కట్టమంటారా?

ఆగండి. ముందు సీటు లోతు కొలవండి. ఫుట్‌రెస్ట్ ఎంత ఎత్తులో ఉందో చూడండి. సీటు గుడ్డ మధ్యలో సాగి ఊయలలా దిగిందేమో చూడండి. జారడానికి కారణం తొంభై పాళ్ళు వీటిలోనే దొరుకుతుందని నా అనుభవం. బెల్టు కారణాన్ని తీసేయదు, జారుతున్న మనిషిని మధ్యలో ఆపుతుంది అంతే. అలా ఆగిన బెల్టు పైకి జరిగి పొట్టని, ఒక్కోసారి ఛాతీని నొక్కుతుంది, అది ప్రమాదం.

బెల్టు అవసరమైన వాళ్ళు ఉంటారు. అప్పుడు అది పొట్ట మీదుగా కాకుండా తుంటి ఎముకల కింద, తొడలు మొదలయ్యే మడత దగ్గర, సీటుకి ఏటవాలుగా కిందికి లాగేలా ఉండాలి. మనిషి తనంతట తాను విప్పుకోగలగాలి. విప్పుకోలేకపోతే అది కట్టేయడం కిందే లెక్క.

ఫుట్‌రెస్ట్ ఎంత ఎత్తులో పెట్టాలి?

మోకాలి వెనక గుంట నుంచి చెప్పు అడుగు దాకా కొలవండి. అందులోంచి, మనిషి కూర్చున్నాక అణిగిన కుషన్ మందం తీసేస్తే వచ్చేది సీటుకీ ఫుట్‌రెస్ట్‌కీ మధ్య ఉండాల్సిన దూరం. సరిగ్గా కుదిరితే తొడలు మొదలు నుంచి చివరి దాకా కుషన్‌ని సమంగా ఆనుకుంటాయి.

ఎత్తు ఎక్కువైతే మోకాళ్ళు పైకి లేచి, తొడలు గాల్లో ఉండి, బరువంతా పిరుదుల మీద పడుతుంది. మరీ కిందికి ఉంటే కాలు వేలాడుతుంది, పాదం కిందికి వాలిపోతుంది, ఒళ్ళు ముందుకి జారుతుంది. ఫుట్‌రెస్ట్ అడుగుకీ నేలకీ మధ్య కనీసం రెండు అంగుళాలు ఉండాలి, లేకపోతే గడపకో, ఎగుడుదిగుడు నేలకో తగులుకుని కుర్చీ ముందుకి బోల్తా పడుతుంది. ఎత్తు మార్చడం చాలా కుర్చీల్లో ఒక బోల్టు వదులు చేసి బిగించినంత పని. ఆ ఒక్క పనీ చేయకుండా ఏళ్ళ తరబడి వాడేస్తున్న కుర్చీలు ఎన్ని చూశానో.

బ్యాక్‌రెస్ట్ ఎత్తుగా ఉంటే మంచిదా, పొట్టిగా ఉంటేనా?

మనిషిని బట్టి. సొంతంగా తోసుకునేవాళ్ళకి వీపు రెక్క ఎముకల కింది కొసలకి కొంచెం కింద ఆగాలి. అప్పుడే భుజాలు వెనక్కి స్వేచ్ఛగా కదులుతాయి. వేరేవాళ్ళు తోసే కుర్చీ అయితే, మొండెం నిలబెట్టుకోలేకపోతే భుజాల దాకా కావాలి. మెడ నిలవకపోతే తలకి కూడా ఆధారం కావాలి. ఎత్తుగా ఉన్నదే ఎక్కువ సుఖం అనుకుని, చురుగ్గా తిరిగే కుర్రాడికి భుజాల దాకా ఉన్నది కొంటే రెండు రోజుల్లో విసిగిపోతాడు.

ఆర్మ్‌రెస్ట్?

భుజాలు వదులుగా వదిలేసి, మోచెయ్యి మడిచి, సీటు మీద నుంచి మోచెయ్యి కింది దాకా కొలవండి. దానికి అంగుళం కలపండి. ఇక్కడా కుషన్ మందం లెక్కలోకి రావాలి. ఎక్కువైతే భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. తక్కువైతే మనిషి కూలబడతాడు.

తనే తోసుకుంటాడు. చక్రాలు ఎక్కడ ఉండాలి?

కుర్చీలో కూర్చుని రెండు చేతుల్నీ పక్కలకి వదిలేస్తే మధ్యవేలి కొస వెనక చక్రం ఇరుసు దగ్గరికి రావాలి. చక్రానికుండే తోసే రింగు పైభాగం మీద చెయ్యి పెట్టినప్పుడు మోచెయ్యి 100 నుంచి 120 డిగ్రీల మధ్య మడతపడాలి. చెయ్యి దాదాపు చాచినట్టుంటే సీటు ఎత్తు ఎక్కువని, మరీ ముడుచుకుంటే తక్కువని అర్థం. కుషన్ మార్చినా ఈ లెక్క మారుతుంది. రెండంగుళాల కుషన్ తీసేసి నాలుగంగుళాలది వేస్తే అందరూ మెత్తదనమే చూస్తారు, చక్రం చేతికి దూరమైందని చూడరు.

ఇరుసు ముందుకి జరిపే వీలున్న కుర్చీలో కొంచెం ముందుకి జరిపితే తోయడం తేలికవుతుంది, కానీ వెనక్కి ఒరిగే భయం పెరుగుతుంది. కొత్తవాళ్ళు వెనకవైపే మొదలుపెట్టి, అలవాటయ్యే కొద్దీ ముందుకి తెచ్చుకోవాలి. అప్పటిదాకా వెనక బోల్తాపడకుండా ఆపే చిన్న చక్రాలు పీకేయకండి.

సీటు గుడ్డ మధ్యలో సాగిపోయింది. కొత్త కుర్చీ కొనాలా?

ముందు గుడ్డ మార్చడం కుదురుతుందేమో చూడండి. అసలు ఆ గుడ్డ ఎందుకుందో తెలిస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. గని ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్న హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే ఇంజనీరు, ఆయన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి అమెరికాలో 1933లో మడతపెట్టే తేలిక వీల్‌చెయిర్ తయారుచేశారు. కింద కత్తెరలా అడ్డంగా ఉండే కడ్డీలు, మడిస్తే కారులో పట్టేస్తుంది. మడవాలంటే సీటు గట్టి పలకలా ఉండకూడదు, గుడ్డే కావాలి. అదే నమూనా ఇప్పటికీ నడుస్తోంది. గుడ్డ అన్నాక సాగుతుంది. సాగిన గుడ్డ మీద కూర్చుంటే తొడలు రెండూ లోపలికి ఒరిగి మోకాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటాయి, కటి ఒక పక్కకి వాలుతుంది. దాని మీద ఎంత మంచి కుషన్ వేసినా అదీ అలాగే వంగుతుంది.

గట్టి అడుగున్న కుషన్ వేయడం, లేదా కుషన్ కింద కొలతకి కోసిన పలక పెట్టడం మంచి ఉపాయం. పలక అంచులు గుండ్రంగా చేయించండి, సీటు గొట్టాల మీద నుంచి జారకుండా చూడండి.

కుషన్ ఏది కొనాలి? స్పాంజీ, జెల్, గాలిది?

ఒక్కదాన్ని గెలిపించలేను. స్పాంజీ తేలిక, నిలకడగా ఉంటుంది, కానీ కాలం గడిచే కొద్దీ అణిగిపోతుంది. జెల్ ఒంటి ఆకారానికి ఒదుగుతుంది, బరువెక్కువ. గాలి గదులున్నది ఒత్తిడిని బాగా పంచుతుంది గానీ, గాలి కొలత రోజూ చూడాలి. ఎక్కువైతే బంతి మీద కూర్చున్నట్టు ఊగుతుంది, తక్కువైతే ఎముక అడుగుకి తగులుతుంది.

ఏ రకమైనా ఒక పరీక్ష తప్పనిసరి. మనిషి కూర్చున్నాక కుషన్‌కీ సీటుకీ మధ్య, అరచెయ్యి పైకి పెట్టి చెయ్యి దూర్చండి. పిరుదు ఎముక కింద వేళ్ళతో పైకి నొక్కి చూడండి. ఎముక గట్టిగా వేళ్ళకి తగిలితే ఆ కుషన్ పని అయిపోయింది. గాలి కుషన్‌లో అయితే నేరుగా ఎముక కిందికి చెయ్యి పోనిచ్చి, కింద అర అంగుళం నుంచి అంగుళం దాకా గాలి మిగిలి ఉందో లేదో చూడాలి. వాచీ, ఉంగరం తీసేసి చేయండి.

మధ్యలో చిల్లున్న గుండ్రటి కుషన్ మాత్రం వద్దు. నొప్పి ఉన్న చోట తగలకుండా ఉంటుందని కొంటారు, కానీ చిల్లు చుట్టూ ఉన్న అంచు రక్తప్రసరణని నొక్కేస్తుంది, మధ్య భాగం వాస్తుంది. మంచం మీది దిండు కూడా కుషన్ కాదు. గంటలో పలచబడుతుంది, పైగా జారుతుంది.

కూర్చుని లేచాక చర్మం ఎర్రగా ఉంటోంది. భయపడాలా?

అరగంటలో మామూలుగా అయిపోతే గమనిస్తూ ఉండండి. అరగంట దాటినా తగ్గకపోతే, వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే, అది పుండుకి తొలి మెట్టు. ఆ చోటు మీద బరువు పడనివ్వకుండా వెంటనే డాక్టరుకి గానీ నర్సుకి గానీ చూపించండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇక్కడ అక్షరాలా నిజం, కొన్ని పుండ్లు ఎముక దాకా వెళ్తాయి.

నల్లటి, చామనఛాయ చర్మంలో ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టూ ఉన్న చోటి కంటే వేడిగా ఉందా, గట్టిగా గానీ మరీ మెత్తగా గానీ ఉందా, రంగు నల్లగా మారిందా అని చెయ్యి వెనక వైపుతో తాకి చూడాలి. తోకెముక, పిరుదు ఎముకలు, తుంటి పక్కలు, మడమలు రోజూ చూడండి. తనే చూసుకునేవాళ్ళకి చేతిలో పట్టే అద్దం చాలు.

సైజు సరిపోయిన కుర్చీలో కూర్చున్నా బరువు మార్చుకోవడం మానకూడదు. ప్రతి 15 నుంచి 30 నిమిషాలకి ఓసారి ఛాతీ తొడల మీదికి వచ్చేలా ముందుకి వంగి ఒకటి రెండు నిమిషాలు ఉండాలి, లేదా ఒక పక్కకి, తర్వాత ఇంకో పక్కకి ఒరగాలి. చేతుల మీద ఒళ్ళు పైకి లేపడం కూడా ఒక పద్ధతే గానీ, అంతసేపు ఎవరూ నిలబెట్టలేరు, భుజాలూ పాడవుతాయి. బ్యాక్‌రెస్ట్ ఒక్కటే వెనక్కి వాల్చే కుర్చీలో మనిషి జారతాడు. సీటుతో సహా మొత్తం వెనక్కి వాలే కుర్చీలో ఆ జారుడు చాలా తక్కువ.

స్నానాల గది తలుపులో కుర్చీ పట్టట్లేదు. ఒక సైజు తగ్గించి కొనొచ్చా?

మనిషిని తలుపుకి సరిపెట్టకండి. కుర్చీ మొత్తం వెడల్పు అంటే సీటు వెడల్పు మీద ఇంకో 7, 8 అంగుళాలు ఉంటుంది. 18 అంగుళాల సీటున్న కుర్చీకి 25, 26 అంగుళాల దారి కావాలి, పైగా చక్రం పట్టుకున్న వేళ్ళకి చోటు. చాలా ఇళ్ళల్లో జరిగే వింత ఏంటంటే, మనిషికి 16 అంగుళాల సీటు చాలు, కొన్నది 18 లేదా 20. సరైన సైజు తెచ్చాక తలుపు సమస్య దానంతటదే తీరిపోయింది. అప్పటికీ పట్టకపోతే తలుపు రెక్క తీసి కర్టెన్ వేయడం, బందులు మార్చి రెక్క పూర్తిగా పక్కకి తెరుచుకునేలా చేయడం, ఆ ఒక్క గదికి చిన్న చక్రాల స్నానం కుర్చీ వాడడం లాంటివి చూడండి.

పెరిగే పిల్లాడు. రెండు సైజులు పెద్దది కొంటే నాలుగేళ్ళు వస్తుంది కదా?

వదులు చొక్కా అయితే చేతులు మడిచి వేసుకుంటాడు. వదులు కుర్చీని మడవలేం. పిల్లల వెన్ను ఇంకా రూపు దిద్దుకుంటూ ఉంటుంది, ఒరిగి కూర్చుంటే ఒరిగే పెరుగుతుంది. పెద్ద చక్రాల కుర్చీలో చేతులు అందక, తోసుకోవడం నేర్చుకోవాల్సిన వయసులో ఎవరో తోసే దాకా ఎదురుచూడడం నేర్చుకుంటాడు. వెడల్పు, లోతు పెంచుకునే వీలున్న ఫ్రేము అడగండి. ఇవాల్టి కొలతకి బిగించి వాడండి. ఆరు నెలలకోసారి మళ్ళీ కొలవండి.

పక్షవాతం వచ్చి ఒక పక్క పనిచేయట్లేదు. ఒక చేత్తో, ఒక కాలితో నెట్టుకుంటారు.

అయితే సీటు ఎత్తే అన్నిటికంటే ముఖ్యం. పనిచేసే పాదం మడమతో సహా నేలకి పూర్తిగా ఆనాలి. మామూలు కుర్చీ రెండంగుళాలు ఎక్కువే అవుతుంది. సీటు ఎత్తు 17, 18 అంగుళాలుండే తక్కువ ఎత్తు కుర్చీలు దొరుకుతాయి. కుషన్ మందం కూడా కలిపి లెక్కవేయండి. ఆ కాలి వైపు ఫుట్‌రెస్ట్ తీసేయాలి, సీటు లోతు కాస్త తక్కువుంటే మోకాలు వెనక్కి మడవడానికి వీలవుతుంది. పనిచేయని చేతిని వేలాడనివ్వకుండా వెడల్పాటి ఆర్మ్‌రెస్ట్ మీద పెట్టండి.

కాళ్ళు తీసేసిన వాళ్ళకి వేరే కుర్చీ కావాలా?

కుర్చీ అదే, అమరిక వేరు. ముందు వైపు ఉండే కాళ్ళ బరువు పోవడంతో భారం వెనక్కి మారుతుంది, చిన్న వాలు ఎక్కినా కుర్చీ వెనక్కి బోల్తా కొట్టొచ్చు. వెనక చక్రాల ఇరుసు ఇంకా వెనక్కి జరపాలి, వెనక్కి పడకుండా ఆపే చక్రాలు ఉండాలి. మోకాలి కింద తీసేసిన వాళ్ళకి ఆ కాలిని చాపి ఉంచే పలక అవసరం, లేకపోతే మోకాలు మడతలోనే బిగుసుకుపోతుంది.

కాళ్ళు వాస్తున్నాయి. పైకెత్తే ఫుట్‌రెస్ట్ పెట్టించమంటారా?

అనుకున్నంత మేలు జరగదు. వాపు తగ్గాలంటే కాళ్ళు గుండె కంటే ఎత్తులో ఉండాలి, కుర్చీలో అంత ఎత్తు రాదు. పైగా తొడ వెనక కండరాలు బిగుసుకున్న వాళ్ళకి కాళ్ళు చాపితే అవి కటిని ముందుకి లాగేస్తాయి, మళ్ళీ జారుడు మొదలు. మధ్యాహ్నం కాసేపు మంచం మీద కాళ్ళెత్తి పడుకోవడం నయం. వాపుకి కారణమేంటో డాక్టరుతో తేల్చుకోండి.

కొత్త కుర్చీ వచ్చింది. కొలతలు సరిపోయాయి. ఇంకేం చూడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చేతితో నడిపే వీల్‌చెయిర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఈ సేవ మొత్తాన్ని ఎనిమిది మెట్లుగా చెప్పింది. కుర్చీ చేతికి రావడంతో అది అయిపోదు. మనిషిని కూర్చోబెట్టి సరిచేయడం ఒక మెట్టు, వాడడం నేర్పించడం ఇంకో మెట్టు, మరమ్మతులూ మళ్ళీ వచ్చి చూడడం మరొకటి. మనం సాధారణంగా బిల్లు కట్టాక ఆగిపోతాం.

మొదటి రోజు అరగంట కూర్చోబెట్టి లేపి చర్మం చూడండి. రెండో రోజు గంట. ముందు నుంచి ఓ ఫొటో, పక్క నుంచి ఓ ఫొటో తీయండి. కూర్చోగానే ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి. కూర్చోగానే అందరూ నిటారుగానే ఉంటారు, రెండో ఫొటోలో అసలు సంగతి బయటపడుతుంది. తినే బల్ల కిందికి మోకాళ్ళు వెళ్తున్నాయా, మంచం ఎత్తుకీ సీటు ఎత్తుకీ ఎంత తేడా ఉంది, బ్రేకు చేతికి అందుతోందా, ఇవి ఇంట్లోనే తెలుస్తాయి, షాపులో తెలియవు.

టైర్లకీ సైజుకీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. గాలి తగ్గితే తోయడం బరువవుతుంది, అది వేరే సంగతి. చాలా కుర్చీల్లో బ్రేకు టైరుని నొక్కి పట్టుకుంటుంది. టైరు మెత్తబడితే బ్రేకు పట్టదు, మంచం మీదికి మారేటప్పుడు కుర్చీ కిందనుంచి జారిపోతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా మాత్రమే దిగాలి.

ఎన్నాళ్ళకోసారి కొలతలు మళ్ళీ చూడాలి?

పెద్దవాళ్ళకి ఏడాదికోసారి. ఒళ్ళు చేసినా, చిక్కినా, ఆపరేషన్ జరిగినా, కొత్తగా ఒరుగుతున్నా వెంటనే.

తెలిసినవాళ్ళు వాడిన కుర్చీ ఇచ్చారు. తీసుకోవచ్చా?

తీసుకోండి, అయితే మీవాళ్ళని అందులో కూర్చోబెట్టే ముందు సీటు వెడల్పు, లోతు టేపుతో కొలిచి, కాగితం మీది కొలతల పక్కన రాయండి. అంగుళం లోపు తేడా అయితే సర్దుబాటు చేయొచ్చు. లోతు ఎక్కువైతే బ్యాక్‌రెస్ట్‌కి గట్టి స్పాంజీ పలక బిగించి తగ్గించొచ్చు, అయితే అది కిందికి జారకుండా పట్టీలతో కట్టాలి. వెడల్పు మూడు నాలుగంగుళాలు ఎక్కువైతే ఎప్పుడో బయటికి తీసుకెళ్ళడానికి ఉంచుకోండి, రోజంతా కూర్చోవడానికి వద్దు. ఎంత బరువు మోస్తుందో ఫ్రేము మీద అంటించిన కాగితంలో ఉంటుంది, చూడండి. కుషన్ మాత్రం వాళ్ళది వద్దు, అది వేరే మనిషి ఒంటికి అలవాటుపడి ఉంటుంది. తర్వాత కుర్చీని చదునైన నేల మీద పెట్టి, ఎవరినీ కూర్చోబెట్టకుండా వెనక నుంచి ఒక్కసారి మెల్లగా నెట్టి వదిలేయండి. తిన్నగా వెళ్ళకుండా పక్కకి తిరిగిందంటే ఫ్రేము వంగి ఉండొచ్చు, ముందు చక్రాలు అరిగి ఉండొచ్చు, టైర్లలో గాలి సమంగా లేకపోయి ఉండొచ్చు. గాలి కొట్టి ఇంకోసారి నెట్టి చూడండి.